అన్నకూ నాకూ గాలి పంచాయితీ

మా టెంట్‌హౌస్ ఖానాపూర్‌లో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల ఉంటుంది. ఎదురుగా చాయ్ హోటల్. ఆ హోటల్ టీవీలో బంగాళాఖాతం కనిపించిందంటే నాకు కాలు నిలవదు. నీలం రంగు సముద్రం మీద తెల్లటి సుడి, పక్కన గొంతు చించుకుంటున్న మనిషి, కింద పరుగెత్తే అక్షరాలు. ఆ సముద్రాన్ని నేను ఇంతవరకూ కళ్లతో చూడలేదు. నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే గోదావరి, కడెం ప్రాజెక్టు. అయినా తుఫాను అన్న మాట చెవిన పడగానే చాయ్ గ్లాసుతోనే రోడ్డు దాటి వచ్చి, దుకాణంలో మోకులు చుట్టుకుంటూ కూర్చున్న మా అన్నకు చెప్పకపోతే నాకు తోచదు.

"మల్లొకటి పుట్టింది. మొన్ననే ఒకటి పోయిందా, గప్పుడే ఇంకోటి. ఎక్కువైనయే అన్నా అంటె ఇనవు."

అన్న తలెత్తడు. మోకు మెలిక తీస్తూనే అంటాడు. "తుఫాన్లు ఎక్కువ కాలే. నీ చేతిల ఫోన్ వచ్చింది."

ఇదీ మా పంచాయితీ. ఊళ్లో అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్లాడుకుంటారు, వాటా దగ్గర కొట్లాడుకుంటారు. మేము గాలి దగ్గర కొట్లాడుకుంటాం. మాది గాలికి భయపడి బతికే పని మరి. షామియానా వేసేవాడికి ఎండతో పేచీ లేదు, వానతో కూడా పెద్దగా లేదు. గాలి వస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. సముద్రంలో పుట్టిన తుఫానుకు పేరు పెడతారు, ఎప్పుడు ఎక్కడ తీరం దాటుతుందో రెండు రోజుల ముందే చెబుతారు, జనాన్ని బడుల్లోకి తరలిస్తారు. మా ఎండాకాలం గాలిదుమారానికి పేరూ లేదు, కబురూ లేదు. ఉట్నూర్ గుట్టల వైపు ఆకాశం కొంచెం నల్లబడుతుంది. చూస్తుండగానే దుమ్ము లేస్తుంది. అంతే.

నేనేమో గాలులు ఎక్కువయ్యాయంటాను. నా చిన్నప్పుడు ఎండాకాలం అంటే ఒట్టి ఎండాకాలమే. ఇప్పుడు పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే వారం తిరగకుండా ఎక్కడో ఒకచోట రేకులు లేచాయనీ, కరెంటు స్తంభాలు పడ్డాయనీ వింటున్నాం. కోసిన వడ్లు కల్లాల్లో తడుస్తున్నాయి. ఇది నేను కల్పించి చెబుతున్నదా?

"నీ చిన్నప్పుడు గాలొస్తే నువ్వు మామిడికాయలు ఏరుకొచ్చెతందుకు ఉరికెటోనివి" అంటాడు అన్న. "గప్పుడు నీకు గది గాలి కాదు, పండుగ. గందుకే యాదికి లేదు."

అన్న లెక్క వేరు. గాలి ఎప్పుడూ ఉన్నదే, అప్పుడప్పుడు గట్టిగా వచ్చేది అప్పుడూ వచ్చింది, కాకపోతే ఇప్పుడు వచ్చినప్పుడల్లా మనుషుల్ని కొడుతోంది అంటాడు. ఎందుకంటే దాని తోవలో మనం ఇనుము నిలబెట్టాం. రేకుల షెడ్లు, ఫ్లెక్సీ బోర్డులు, పెళ్లిళ్లకు ఆర్చీలు, మా పైపులు. వెనకట వెదురు బొంగులు ఉండేవి. బొంగు మీద పడితే భుజం వాచేది. పాత షామియానా గుడ్డ గాలికి చిరిగిపోయేది, చిరిగి గాలిని వదిలేసేది. ఇప్పటి వాటర్‌ప్రూఫ్ పరదా చిరగదు. పట్టిన గాలిని వదలదు. పైపులతో సహా లేస్తుంది.

"గాలి గదే. మనమే మారినం" అంటాడు చివరికి.

ఈ మాట దగ్గర నేను ఇంకా గొంతు పెంచుతాను. హోటల్లో వాళ్లు నవ్వుకుంటారు. టీవీలో సుడి ఎటో వెళ్లిపోయినా మేము వదలం. మా ఇద్దరికీ మాత్రమే తెలిసినదేమిటంటే, మేం మాట్లాడుకునేది తుఫాన్ల గురించి కాదు, మా బాపు గురించి.

ఈ టెంట్‌హౌస్ బాపు పెట్టింది. బొంగులు, గుడ్డ షామియానాలు, వంట బగోన్లు, అంతే ఆయన సామాను. గాలి వస్తే ఆయన పద్ధతి ఒకటే. గాలి వచ్చే వైపు ముడి విప్పడం, బొంగును భుజం మీదికి వాల్చుకుని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టడం. ఆ పని ఆయన అలవోకగా చేసేవాడు. తర్వాత అన్న చేతికి పని వచ్చింది. కాలం మారింది, పెళ్లివాళ్లు బొంగుల టెంట్ అంటే మొహం తిప్పుకుంటున్నారని అన్న నిర్మల్ వెళ్లి ఇనుప పైపులు, మందపాటి పరదాలు తెచ్చాడు. బాపు కూడా సంతోషపడ్డాడు. పైపులను చేత్తో తట్టి చూసుకున్నాడు. ఆ ఎండాకాలమే కడెం దగ్గర ఒక ఊళ్లో మధ్యాహ్నం గాలి లేచింది. బాపు ఎప్పటిలాగే వెళ్లి స్తంభాన్ని భుజానికి వాల్చుకోబోయాడు. అది బొంగు కాదు. పక్క పైపులకు బిగించి ఉన్న ఇనుము. మొత్తం కప్పు ఒక్కసారి లేచి, మొత్తంగా కిందికి వచ్చింది.

నేను అక్కడ లేను. అన్న ఉన్నాడు.

గాలులు ఎక్కువయ్యాయని నేను ఎందుకు అంటానో ఇప్పుడు చెప్పనవసరం లేదు. లోకమంతా గాలులు పెరిగిపోయాయనుకోండి, బాపును తీసుకుపోయింది ఆ గాలి. గాలి పాతదే, మారింది మన సామానే అంటే, ఆ సామాను తెచ్చినవాడు అన్న. ఆయన 'మనం' అన్నప్పుడల్లా నాకు 'నేను' అనే వినిపిస్తుంది. అందుకే ప్రతి తుఫాను వార్తనూ రోడ్డు దాటించి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టేవాణ్ని. ఎప్పటికైనా ఒకసారి "అవునే తమ్మీ, ఎక్కువైనయి" అంటాడేమోనని. అన్న పెళ్లిళ్లలో కూర్చుని భోజనం చేసి ఎంతకాలమైందో. అందరూ తింటుంటే ఆయన కప్పు అంచున నిలబడి ఆకాశం చూస్తుంటాడు. నాకు ఆయన కడుపు నిండాలని ఉండేది. అంతకు మించి వాదనలో గెలవాలన్న యావ ఏమీ లేదనే అనుకునేవాణ్ని.

అక్క కూతురి పెళ్లి కుదిరింది. అన్నకు చెల్లెలు, నాకు అక్క. మా బావ చాలా ఏళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడు. ఒక్కతే బిడ్డ, పెళ్లి తన వాకిట్లోనే జరగాలన్నాడు. టెంట్ ఇంకెవరిది, మేనమామలది. బావ కోరికలు ఒక్కటొక్కటిగా పెరిగాయి. కప్పు కింద తెల్లగుడ్డ కుచ్చులు కావాలన్నాడు. చుట్టూ పరదాలు మూసేసి కూలర్లు పెట్టాలన్నాడు. చుట్టూ మూస్తే గాలి లోపలికి జొరబడి కప్పును ఎత్తుతుందని అన్న చెప్పి చూశాడు.

"గాలి ముచ్చట నాకు జెప్తవా బావా?" అన్నాడు బావ. "మస్కట్‌ల తుఫానొస్తే నేను దాని నడుమ ఉన్న. కార్లు కొట్కపోయినయి. మా క్యాంపుల ఒక్కనికి గోరు సుత ఇరగలే. గసొంటి దాని ముంగట మన ఊరి గాలెంత?"

"మీరు పక్కా బంగ్లల ఉన్నరు బావా, తలుపులు బెట్టుకొని. ఈడ మనం గుడ్డ కింద ఉంటం" అన్నాడు అన్న.

బావకు ఆ తేడా ఎక్కలేదు. పెద్ద తుఫానును చూసి బతికినవాడికి చిన్న గాలి లెక్క ఉండదు. పరదాలు కట్టాం. పెళ్లికి ముందు రోజు పందిరి ముహూర్తానికి బావ తరఫు పెద్దాయన నేరేడు కొమ్మ తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, మా ఇనుప పైపుకు దారంతో కట్టాడు. వెనకటి రోజుల్లో పందిరంతా పచ్చికొమ్మలతోనే వేసేవాళ్లు. ఇప్పుడు టెంటు వేసి, ఒక్క కొమ్మ కడితే చాలు, అదే పచ్చని పందిరి అయిపోతుంది. అయ్యాక దానికి పందిరి మర్యాదలన్నీ వర్తిస్తాయి. పిల్ల గడప దాటి అత్తగారింటికి కదిలేదాకా దాన్ని విప్పకూడదు. విప్పితే అరిష్టం. నేను కట్టిన కిరాయి టెంటే, నేను ముట్టకూడని పందిరి అయిపోయింది.

ఆ వారమే బంగాళాఖాతంలో ఒక తుఫాను తిరుగుతోంది. అది ఒడిశా వైపు పోతుందనీ, మన వైపు రాదనీ టీవీ చెప్పింది. పెళ్లి రోజు పొద్దున్నుంచి నాకు ఒక్కచోట కుదురు లేదు. సర్దిన కుర్చీలే మళ్లీ సర్దాను. కట్టిన ముళ్లు మళ్లీ కట్టాను. అక్క రెండుసార్లు కసిరింది. "జర కూసోరాదు? పెండ్లిపిల్లకంటె నువ్వే ఎక్కువ పరేషాన్ అయితున్నవ్."

మాంగల్యం పడింది, తలంబ్రాలు అయ్యాయి. మొదటి బంతి కూర్చుంది. బగారా అన్నం వాసన, కూలర్ల హోరు. చుట్టూ పరదాలు మూసి ఉండటంతో లోపలున్న వాళ్లెవరికీ ఆకాశం కనబడదు. అన్న ఒక్కడే బయట నిలబడ్డాడు. నేను వెళ్లేసరికి గుట్టల వైపు చూస్తున్నాడు. అక్కడ మట్టి రంగు మబ్బు ఒకటి అడ్డంగా పరుచుకుంటోంది. గాలి పూర్తిగా ఆగిపోయి ఉంది. చెట్టు ఆకు కూడా కదలడం లేదు. మా పనిలో అన్నిటికంటే భయపెట్టేది ఆ నిశ్శబ్దమే.

"దించుదాం" అన్నాడు అన్న.

"బంతి నడుస్తుందే. పిల్ల ఇంక ఇంట్లనే ఉండె. బావ ఊకుంటడా?"

"దించుదాం" అన్నాడు మళ్లీ.

బావ ఊరుకోలేదు. వియ్యంకుల ముందు, వడ్డిస్తున్న విస్తళ్ల ముందు, చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. "పిల్ల గడప దాటక ముంగటనే పందిరి ఇప్పుతరా? మేనమామలేనా మీరు? మబ్బు జూసి పందిరి దించినోణ్ని ఎవ్వలనన్న జూసిండ్రా?" ఆయన బాధ కూడా అబద్ధం కాదు. ఉన్న ఒక్క బిడ్డ. అరిష్టం అన్న మాట ఆమె జీవితానికి తగులుకుంటే తీసేవాళ్లెవరు?

నలుగురి ముందు వాదించడం అన్నకు రాదు. చేతిలో మోకు కొస పట్టుకుని, చెల్లెలి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన చేతులు ఆ రోజు చూశాను. వేళ్లు తెల్లబడ్డాయి. అందరి మీదా నాకు కోపం వచ్చింది.

అక్క వంటల దగ్గర నుంచి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మబ్బు వైపు ఒకసారి చూసి, నేరుగా పైపు దగ్గరికి వెళ్లి నేరేడు కొమ్మ దారం విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుంది. పళ్లతో కొరికి తెంపింది.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు బావ.

"నువ్వు మస్కట్‌ల గాలిని జూసినవ్" అన్నది అక్క. "నేను మా బాపును జూసిన."

కొమ్మను రెండు చేతుల్లో పట్టుకుని అరుగు ఎక్కింది. ఇంటి దర్వాజా పక్కన అరుగు దూలానికి చీరె చెంగు చింపి కట్టింది. పెళ్లిబట్టలతో నిలబడిన బిడ్డనూ, అల్లుణ్నీ చేయి పట్టి తీసుకొచ్చి ఆ కొమ్మ కింద కుర్చీల్లో కూర్చోబెట్టింది.

"పందిరి గీడున్నది. ఎవ్వలు ఇప్పలే. గది ఒట్టి టెంటు. దించుండ్రి" అన్నది మా ఇద్దరితో.

అక్షింతలు పట్టుకుని నిలబడిన ముసలివాళ్లలో ఒకామె, ఒక్క క్షణం ఆలోచించి, సరేనన్నట్టు వెళ్లి అరుగు మీదే పిల్ల తలపై వేసి వచ్చింది. దాంతో మిగతా వాళ్లకు దారి దొరికింది. విస్తళ్లు ఎవరివి వాళ్లు ఎత్తుకుని అరుగుల మీదికి, పక్కింటి వాకిలిలోకి, పశువుల కొట్టంలోకి కదిలారు. మేము ముందు పరదాలు తీశాం, తర్వాత కప్పు దించాం, పైపులు ఒక్కొక్కటీ విప్పి నేల మీద పడుకోబెట్టాం. తెల్లటి కుచ్చుల గుడ్డ మట్టిలో పడింది. బావ దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

గాలి రాలేదు.

ఒకసారి దుమ్ము లేచింది, రెండు విస్తళ్లు ఎగిరాయి, నాలుగు చినుకులు పడ్డాయి. తర్వాత మబ్బు గోదావరి వైపు జరిగి కరిగిపోయింది. ఎండ మళ్లీ కాసింది, ఇందాకటి కంటే గట్టిగా. రెండో బంతి వాళ్లు నడినెత్తి ఎండలో, నెత్తిన తువ్వాళ్లు వేసుకుని తిన్నారు. వియ్యంకుల వైపు వాళ్లు మొహాలు చూసుకున్నారు. బావకు మాట దొరికింది.

"ఏదీ బామ్మర్దీ, గాలి ఏదీ? తొవ్వ తప్పి మస్కట్‌కు పోయిందా?" చుట్టూ నవ్వులు. "టెంట్ కంటె మీ గుండెలే ముంగట లేచినయి."

నా ఒళ్లంతా మండిపోయింది. చేయి కడుక్కోవడానికని దూరంగా వెళ్లి గుట్టల వైపు తిరిగి నిలబడ్డాను. అటు ఇంకా కొంచెం నలుపు మిగిలి ఉంది. పక్కకు అన్న వచ్చాడు. చేతిలో విస్తరి ఉంది.

"ఏం జూస్తున్నవ్?"

"ఇంక పోలే అది. తిరిగి వస్తది, చూడు. వస్తే ఎర్కయితది."

"ఎవ్వలకు?"

"బావకు. గందరికి."

అన్న నా మొహంలోకి చూశాడు. "నీ మాట నెగ్గాలని, పిల్ల పెండ్లిల గాలి రావాల్నారా?"

అవును, రావాలనే నిలబడ్డాను అక్కడ. ఒక్కసారి లేవాలనీ, పడుకోబెట్టిన పైపులను దొర్లించాలనీ, బావ నోరు మూయించాలనీ. అరుగు మీద నా మేనకోడలు, నెత్తిన ఎండ పెట్టుకుని తింటున్న మా చుట్టాలందరూ ఉండగానే. ఇన్నేళ్లూ అన్న కోసం వాదిస్తున్నానని అనుకున్నవాణ్ని. ఆ వాదన ఎప్పుడు నన్ను ఇక్కడికి తెచ్చి నిలబెట్టిందో నాకే తెలియదు. చెంప మీద కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

"రాలే. మంచిగైంది" అన్నాడు అన్న. అని, నా పక్కనే ఒక కుర్చీ లాక్కుని కూర్చుని తినడం మొదలుపెట్టాడు. బగారా అన్నం అయిపోతే మళ్లీ పెట్టించుకున్నాడు. కూర బాగుందన్నాడు. ఎముక చీకాడు. బాపు పోయిన తర్వాత, పెళ్లిలో కూర్చుని ఆయన కడుపు నిండా తినడం అదే మొదటిసారి చూశాను. నవ్వులు ఆయనకు కూడా వినిపిస్తూనే ఉన్నాయి. ఆయనకు వాటితో పని లేదు.

సాయంత్రం అప్పగింతలయ్యాయి. పిల్ల ఏడ్చింది, అక్క ఏడవలేదు. కారు కదిలాక దూలం మీది నేరేడు కొమ్మను తాకి చేతిని కళ్లకద్దుకుని లోపలికి వెళ్లింది. బావ మాతో మాట్లాడలేదు. మేము ట్రాలీ ఆటో తెప్పించి పైపులు ఎక్కించుకుంటున్నాం. ఒక కొసకు జాయింటు ఇనుము బిగించి ఉంటుంది కాబట్టి ఆ కొస బరువు. అన్న ఎప్పుడూ ఆ వైపే పట్టుకుంటాడు.

"బావ నవ్వితే నవ్వనియ్యి అన్నా" అన్నాను. ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేని నోరు నాది. "గాలులైతె ఎక్కువైనయి. గియ్యాల రాకుంటేంది, టీవీల చూడు ఒకపారి..."

"ఇగ బంద్ జెయ్యి" అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు. "నువ్వు ఎందుకంటవో నాకెర్కలేదా? ఎన్నేండ్ల సంది ఇంటున్న. ఎక్కువైనయేమో, నిజమే ఉండచ్చు. సముద్రంల సంగతి నాకేం ఎర్క. గని పైపులు తెచ్చింది నేను."

"గట్లనకే."

"అననియ్యి. నువ్వు అది నా మీదికెల్లి తీసేద్దామని చూస్తవ్. తియ్యకు. గది నా మీద ఉన్నది గాబట్టే గియ్యాల పొద్దున్నుంచి మబ్బు జూసిన. లేకుంటె నేను సుత బావ లెక్కనే నవ్వుకుంట కూసుందును."

ట్రాలీ ఆటో అతను ఇంజను ఆపి మా కోసం చూస్తున్నాడు. నేల మీద ఇంకో పైపు మిగిలి ఉంది. నేను వెళ్లి జాయింటు ఉన్న కొస దగ్గర వంగాను.

"అటు వట్టు" అన్నాడు అన్న, నన్ను భుజంతో పక్కకు జరిపి.

నేను రెండో కొసకు వెళ్లి పట్టుకున్నాను.